‘ఎడ్యుకేషనల్’ ముద్ర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఎడ్యుకేషనల్’ ముద్ర గారికి,

ఏడేళ్ల అబ్బాయికీ పన్నెండేళ్ల అమ్మాయికీ తండ్రినైన నేను నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఏ వీడియో యాప్‌లో పిల్లల విభాగం తెరిచినా పై వరుసలోనే తమరి దర్శనం అవుతున్నది కాబట్టి తమరి క్షేమం వేరే అడగనవసరం లేదు.

ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. తమరు లేని రోజుల్లో పిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టి తమ పని చూసుకునే పెద్దవాళ్లకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూ ఉండేది. ఇప్పుడా బెడద లేదు. బొమ్మ పక్కన తమరి పేరు కనబడితే చాలు, అదే సోఫాలో, అదే భంగిమలో, అదే గంటసేపు సాగిన కాలక్షేపం కాస్తా చదువు కింద జమ అయిపోతుంది. పిల్లలు ఏం నేర్చుకున్నారో చెప్పలేను గాని, నిశ్చింతగా ఉండడం మాత్రం పెద్దలు బాగా నేర్చుకున్నారు.

తమరి పూర్వాపరాలు కొంత విచారించాను. అమెరికాలో 1990లో వచ్చిన బాలల టెలివిజన్ చట్టం, పిల్లల చదువుకు తాము ఏం చేస్తున్నామో లైసెన్సు పునరుద్ధరణ సమయంలో చెప్పుకోవాలని టీవీ స్టేషన్లను ఆదేశించింది. చెప్పుకోమన్నారు గనుక వారు చెప్పుకున్నారు. ఎగిరే కార్లలో తిరిగే కార్టూన్ కుటుంబం ‘ది జెట్సన్స్’ ఇరవయ్యొకటో శతాబ్దపు జీవితాన్ని పిల్లలకు బోధిస్తున్నదని కాగితం మీద రాసిచ్చిన ఘనులు కూడా ఉన్నారు. ఈ రచనా ప్రతిభ బయటపడిన తరువాత, 1996లో, వారానికి సగటున మూడు గంటలు పిల్లల విద్యా కార్యక్రమాలు ఉండాలన్న నియమం వచ్చింది. క్రమేణా తెర మూలన ‘ఇ/ఐ’ (ఎడ్యుకేషనల్/ఇన్ఫర్మేషనల్) అనే గుర్తుగా తమరు వెలిశారు. అయితే ఆ గుర్తుకు ఏది అర్హమో మొదట నిర్ణయించుకునేది ప్రసారం చేసే స్టేషనే. కవల అమ్మాయిలు ఒకరి స్థానంలోకి మరొకరు వెళ్లే స్పానిష్ సీరియల్‌ను అమెరికాలోని స్పానిష్ భాషా టీవీ సంస్థ యూనివిజన్ స్టేషన్లు ఈ లెక్కలోనే చూపించుకున్నాయి, ఆ వ్యవహారం 2007లో 2 కోట్ల 40 లక్షల డాలర్ల చెల్లింపుతో గాని తెమలలేదు. రోజూ సీరియళ్లు చూసే పెద్దలు, తామూ ఇన్నాళ్లుగా విద్యార్థులమేనని తెలియక ఇంట్లో ఊరికే మాటలు పడ్డారు.

ఇక మా ఇంటి సంగతి. మా అబ్బాయి చూసే ఒక లెక్కల కార్యక్రమంలో నీలం రంగు కుందేలు తెర మధ్యకు వచ్చి, ‘త్రిభుజం ఎక్కడుందో చెప్పగలరా?’ అని అడిగి, కళ్లు టపటపలాడిస్తూ కాసేపు ఆగి, ‘శభాష్! సరిగ్గా చెప్పారు!’ అని గంతులు వేస్తుంది. మావాడు చతురస్రాన్ని చూపించినా శభాషే, నోరు మెదపకపోయినా శభాషే, మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్తే ఖాళీ సోఫాకూ శభాషే. ఆ లెక్కన మా సోఫా ఈపాటికి రేఖాగణితంలో పట్టా పుచ్చుకుని ఉండాలి. పైగా ఆ కథలో కుందేలు ఒక దొంగను తరుముతూ ఉంటుంది, త్రిభుజం ఉన్నా లేకపోయినా ఆ దొంగ దొరికే తీరతాడు. పిల్లల టీవీ మీద పరిశోధన చేసిన షాలోమ్ ఫిష్ 2000లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ సంగతే చెబుతుంది: కథ ఒక దారిన, పాఠం ఒక దారిన పోతున్నప్పుడు పిల్లవాడి బుర్రలో ఉన్న కాస్త చోటు కోసం రెండూ పోటీ పడతాయి, మామూలుగా కథే నెగ్గుతుంది. మావాడు దొంగ టోపీ రంగుతో సహా కథంతా అప్పజెబుతాడు. త్రిభుజం ఊసెత్తితే మాత్రం, ‘అది మధ్యలో వస్తుందిలే నాన్నా’ అంటాడు.

అమ్మాయి వ్యవహారం వేరు. ఆ ఈడు వారి దగ్గర కుందేళ్ల ఆటలు సాగవు గనుక తమరు అక్కడికి గంభీర కంఠంతో, డాక్యుమెంటరీ వేషంలో వేంచేస్తారు. అగ్నిపర్వతం నాలుగు వైపుల నుంచి నాలుగు సార్లు పేలుతుంది, ఎందుకు పేలిందన్న ప్రశ్న రాబోయే సరికి ప్రకటనలు వస్తాయి. గంభీర కంఠాన్ని నమ్మితే ఏమవుతుందో తమరి వంశంలోనే పాత ఉదాహరణ ఉంది. 1958 నాటి డిస్నీ చిత్రం ‘వైట్ వైల్డర్నెస్’, లెమ్మింగ్‌లనే ఎలుకజాతి జీవులు మూకుమ్మడిగా కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకుతాయని చూపించి, డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ కూడా అందుకుంది. నిజానికి అవి దూకలేదు, చిత్ర బృందమే తోసింది. ఆ సన్నివేశం తీసింది కెనడాలోని ఆల్బర్టాలో, లెమ్మింగ్‌లను పనిగట్టుకుని అక్కడికి తెప్పించారు, సముద్రంగా చూపించింది నదిని. 1982లో కెనడా టీవీ ఈ గుట్టు విప్పేలోగా ఆ ‘జ్ఞానం’ ఎన్ని తరగతి గదులు తిరిగిందో తమరికే ఎరుక.

తమరి బంధువర్గమంతా ఇంతేనంటే కళ్లు పోతాయి. 1969లో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ అనే అమెరికా టీవీ కార్యక్రమం బడి ఈడు రాని పిల్లల కోసం తీసిందే అయినా, దాని కోసం ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు టీవీ పక్కనే ఏడున్నర సెకన్లకొకసారి బొమ్మ మారే స్లైడ్ ప్రొజెక్టర్ పెట్టించి, పిల్లలు ఏ ఘట్టంలో చూపు తిప్పుకుంటున్నారో రాయించాడు. 1994లో వచ్చిన, పిల్లలు మాయా బస్సెక్కి సైన్స్ నేర్చుకునే కార్టూన్ ‘ది మ్యాజిక్ స్కూల్ బస్’ అయితే భాగం చివర పిల్లలు నిర్మాతలకు ఫోన్ చేసి ‘నిజంగా ఇలా జరగదు కదా’ అని నిలదీసే సన్నివేశం పెట్టి, కథ కోసం తాము ఎక్కడెక్కడ కోతలు కోశారో తామే ఒప్పుకునేది. బస్సు తోటి విద్యార్థి జీర్ణకోశంలోకి ప్రయాణం చేసే కథలో నుంచి పాఠం తీసేసి చూడండి, బస్సు అంగుళం కదలదు.

కాబట్టి తమరికి కొన్ని షరతులు మనవి చేస్తున్నాను. తమరి పేరు తగిలించుకున్న ఏ కార్యక్రమానికైనా మొదటి భాగం నేను పిల్లల పక్కన కూర్చుని చూస్తాను, పాఠాన్ని తీసేసినా కథ హాయిగా సాగిపోయేటట్లుంటే తమరికి సెలవు. అయిపోయాక ‘ఏం నేర్చుకున్నావు?’ అని పిల్లలను అడగను, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఏ పిల్లవాడూ నిజం చెప్పడు. ‘అలా ఎందుకు జరిగింది?’ అని మాత్రం అడుగుతాను. ఒక భాగం ముగిసీ ముగియకముందే సెకన్లు లెక్కపెట్టుకుంటూ తరువాతి భాగం తోసుకువచ్చే ఏర్పాటును కూడా తమరే మానిపించాలి. పిల్లల నోట ప్రశ్న వస్తే గిస్తే ఆ కాస్త విరామంలోనే వస్తుంది.

ఇందుకు తమరు సమ్మతించని పక్షంలో, తమరి కింది వరుసలో ఉండే ‘వినోదం’ ముద్ర గారితో మాటలు మొదలుపెట్టదలిచాను. మా పిల్లల భవిష్యత్తు గురించి ఆయన ఇంతవరకు ఒక్క హామీ కూడా ఇవ్వలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
నెలనెలా చందా కట్టే ఒక తండ్రి