వ్యాసం రాస్తే వదిలేస్తారట!

ఈ వారంలో ఈ వాట్సాప్ మెసేజీ రావడం ఇది మూడోసారి. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇవాళ పొద్దున్నే మా బాబాయి నుంచి. "పద్దెనిమిది నిండనివాడు ఎవర్ని చంపినా మూడొందల మాటల వ్యాసం రాస్తే చాలు, ఇంటికి పంపేస్తారు. అమెరికాలో అయితే ఉరే. మన దగ్గర కౌన్సెలింగ్ పేరుతో టీ, బిస్కెట్లు. పైగా రికార్డు చింపేస్తారు" అట.

అమెరికా సుప్రీంకోర్టు మైనర్ల మరణశిక్షను 2005లోనే కొట్టేసింది. ఆ ముక్క అయిపోయింది.

రికార్డు చెరిపేసే మాట నిజమే, అప్పీలు గడువు దాటాక. ఘోర నేరానికి పెద్దవాడిగా విచారించి దోషిగా తేల్చినవాడిది మాత్రం ఉంచుతారు. సెల్‌ఫోన్ కొట్టేసిన పిల్లాడికి జన్మలో ఉద్యోగం రాకుండా చేస్తే, వాడు తర్వాత ఏం కొట్టేస్తాడో బాబాయే చెప్పాలి.

ఇక ఆ వ్యాసం. 2024 మే 19న పుణెలో పోర్షె కారు గుద్ది ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారు. నడిపినవాడికి పదిహేడేళ్లు. వ్యాసం వాడికి వేసిన శిక్ష కాదు మహాప్రభో, బెయిలు షరతు! బెయిలొస్తే కేసు పోయినట్టే అయితే మన నాయకుల్లో సగంమంది వాయిదాలకు ఎందుకు తిరుగుతున్నట్టు? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరం పదహారు దాటినవాడు చేస్తే, పెద్దవాడిగా విచారించాలా వద్దా అని మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు తేల్చాలి. 2022లో జూబ్లీహిల్స్ అత్యాచారం కేసులో ఐదుగురు మైనర్లలో నలుగురి విషయంలో హైదరాబాద్ బోర్డు 'విచారించాల్సిందే' అంది. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరేం?

ఒకటి ఒప్పుకుంటాను. పుణె బోర్డు ఆ రోజిచ్చిన బెయిలును నేను వెనకేసుకురాలేను. అందులోని ఇద్దరు సభ్యులను తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వమే తీసేసింది.

కౌన్సెలింగ్ అంటే ఏంటో నేను చూశాను. మా పనిమనిషి కొడుకు బైకు దొంగతనం కేసులో వాడి వెంట బోర్డుకు వెళ్లాను. బోను లేదు, ఎత్తు వేదిక లేదు, పోలీసు యూనిఫాంలో లేడు. బల్ల అవతల మేజిస్ట్రేటు, ఇద్దరు సభ్యులు. పిల్లాడి ఇంటి పరిస్థితులు కనుక్కునే ప్రొబేషన్ ఆఫీసరు అంతకుముందే వాళ్లింటికెళ్లి కూర్చున్నాడు. బైకు గురించి రెండు ప్రశ్నలు. తొమ్మిదిలో బడెందుకు మానేశాడు, నాన్న ఎప్పట్నుంచి తాగుతున్నాడు, రాత్రుళ్లు ఎవరితో తిరుగుతున్నాడు అంటూ గంటన్నర. చివరికి ప్రొబేషన్‌లో, అంటే ఇంట్లోనే ఉంచి నిఘాలో పెట్టి, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించారు. ఆరు నెలలు వచ్చి కనబడాలన్నారు. జైలుకెళ్తే హాయిగా ఉండేదని వాడే అన్నాడు నాతో, లెక్కల పుస్తకం చూసి.

బిస్కెట్ల సంగతి మాత్రం నిజమే. వాళ్లమ్మ ఏడుపు ఆపకపోతే మెంబరుగారు తెప్పించారు.