కోడలి మెప్పు, అత్తగారి వినయం

గృహప్రవేశాలు, ఒడుగులు, వ్రతాలు వరసపెట్టి వచ్చే ముహూర్తాల రోజుల్లో ఏ పంక్తిలో కూర్చున్నా ఒక చిన్న అన్యాయం కంటపడుతూనే ఉంటుంది. కిందటి మాఘమాసంలో రాజమహేంద్రవరంలో మా దూరపు బంధువుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్లాను. వడ్డనలో గుత్తి వంకాయ కూర వచ్చింది. ఒక పెద్దాయన రెండోసారి వేయించుకుని, "ఎవరు చేశారమ్మా ఈ కూర? ఇలాంటిది తిని ఎన్నాళ్లయిందో!" అన్నారు. చేసిన మనిషి, ఆ ఇంటి కోడలు, గరిటె పట్టుకుని ఆయన ఎదురుగానే ఉంది. ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు: "దాందేముంది లెండి అన్నయ్యగారూ, అవి మా పొలంలో కాసిన వంకాయలు. ఊరికే ఉడకేసినా అదే రుచి." అందరూ నవ్వారు, పెద్దాయన పొలం గురించి అడగడం మొదలుపెట్టారు. తెల్లవారుజామునే లేచి, తొడిమ ఊడకుండా ఒక్కొక్క కాయనూ నాలుగుగా చీల్చి, కనరెక్కకుండా ఉప్పునీళ్లలో వేసి, నూరిన కారం కూరిన ఆ అమ్మాయి పక్క విస్తరికి వెళ్లిపోయింది.

దీన్ని మనవాళ్లు వినయం అంటారు. కాదని నా వాదన. నన్నెవరైనా మెచ్చుకున్నప్పుడు "ఏదో మీ అభిమానం" అని నేను తల వంచితే అది వినయం. ఎందుకంటే వదులుకున్నది నా సొమ్ము. నాకు రావలసిన మెప్పును నా తరఫున మరొకరు వద్దనడం మాత్రం, అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెతకు సరిగ్గా సరిపోతుంది. కాకపోతే ఇక్కడ వరస తిరగబడింది, కోడలి సొమ్మును అత్త దానం చేస్తోంది. దానం చేసిన పుణ్యం, అంటే "ఎంత నిగర్వి ఆవిడ" అన్న పేరు, ఆవిడకే దక్కుతోంది. ఈ లెక్క ఎవరూ గమనించరు.

అత్తలనే అనడం న్యాయం కాదు. ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్న కూతురి గురించి "ఈ రోజుల్లో సీటు ఎవరికి రావడం లేదండీ" అనే తండ్రులున్నారు. పాట బాగా పాడిన పిల్లవాడి మీద "అంతా మా నాన్నగారి గొంతే" అని వంశవృక్షం కప్పేసే మేనత్తలున్నారు. అన్నిటికంటే గడుసుదైన పద్ధతి "గానీ" అనే రెండక్షరాలతో నడుస్తుంది: "చదువులో చురుకే గానీ, తిన్న కంచం తీయడం రాదు." మెచ్చుకున్న అతిథికి పిల్ల చదువు గుర్తుండదు, తీయని కంచమే గుర్తుంటుంది. పెళ్లిచూపుల్లో మాత్రం ఇదంతా తలకిందులవుతుంది. మిఠాయి దుకాణం నుంచి తెచ్చిన జంతికలు కూడా "అంతా మా అమ్మాయి చేతి పనే" అయిపోతాయి. అంటే మెప్పు విలువ మనకు తెలియక కాదు, బేరం కుదిరేదాకా దాన్ని పెంచడం, కుదిరాక తగ్గించడం మనకు బాగానే వచ్చు.

దిష్టి తగులుతుందన్న భయంతో అలా అంటారని, పదిమందిలో పొగిడితే పిల్లలు పాడైపోతారని, అయినా మెప్పు ఒక్కరిదేమిటి, కుటుంబమంతటిదని సమర్థించేవారు ఉన్నారు. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందని నమ్మే పెద్దల ప్రేమను నేను శంకించను. అయితే ఆ భయం అన్ని వేళలా ఒకేలా పనిచేయకపోవడమే నన్ను ఆలోచింపజేస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు జీతం గురించి, అల్లుడు కొన్న విల్లా గురించి చెప్పేటప్పుడు అదే నోటికి దిష్టి గుర్తుకురాదు. పిల్లవాడి ర్యాంకును ఫ్లెక్సీ మీద వేయించి వీధి మలుపులో కట్టినప్పుడూ గుర్తుకురాదు. పైగా మెప్పు కుటుంబమంతటిదే అయితే, మాడిన కూరకు వచ్చే మాటలు కూడా కుటుంబమంతా పంచుకోవాలి కదా!

పొగిడితే ఆయుక్షీణమన్న నమ్మకానికి మనవాళ్లు తరచూ సాక్ష్యంగా తెచ్చేది భారవి కథ. కిరాతార్జునీయం రాసిన ఆ మహాకవిని ఊరంతా పొగుడుతుంటే తండ్రి మాత్రం "వాడికేం తెలుసు, ఇంకా చిన్నవాడు" అంటూ తీసిపారేసేవాడట. ఆ అవమానం భరించలేక కొడుకు పెద్ద రాయి పట్టుకుని అటకెక్కాడు, తండ్రి నిద్రపోగానే తల మీద వేద్దామని. అప్పుడు కింద తండ్రి తల్లితో అంటున్న మాటలు వినబడ్డాయి: వాడి ప్రతిభ నాకు తెలియక కాదు, తండ్రి పొగిడితే బిడ్డ ఆయువు తగ్గుతుందని ఊరుకుంటున్నాను. భారవి కుప్పకూలి, దిగివచ్చి కాళ్ల మీద పడి, శిక్షగా కొంతకాలం అత్తవారింట పడి ఉన్నాడు. ఆ కావ్యం రెండో సర్గలోని "సహసా విదధీత న క్రియామ్", తొందరపడి ఏ పనీ చేయవద్దన్న శ్లోకానికి ఈ అనుభవమే మూలమని చెబుతారు. కథ చెప్పే పెద్దలందరూ దీన్ని కొడుకు తొందరపాటుకు ఉదాహరణగానే ముగిస్తారు. ఇదే కథను నేను తండ్రి వైపు నుంచి చదువుతాను. ఒక్క మంచి మాట బిగబట్టినందుకు ఒక ఇల్లు పితృహత్య అంచుదాకా వెళ్లింది. కొడుకు ఆయువు కాపాడబోయి తండ్రి తన ఆయువే పోగొట్టుకోబోయాడు. ఆ మెప్పు చివరికి కొడుకు చెవిన పడింది కూడా అతడు రాయి పట్టుకుని అటక మీద ఉన్నందువల్లే. ప్రతి ఇంట్లోనూ పిల్లలు అటకెక్కి వినలేరు.

పుత్రోత్సాహం కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం వాడిని చూసి పొగిడినప్పుడు కలుగుతుందని సుమతీ శతకం తండ్రికి చెప్పింది. జనం పొగుడుతుంటే ఆ ఉత్సాహాన్ని అనుభవించవలసిన చోట మనం అడ్డుపడుతున్నాం. ఇంకో పాత సంస్కృత శ్లోకం ఎవరిని ఎప్పుడు పొగడాలో ఒక పట్టికే ఇస్తుంది: గురువులను ఎదుటనే, మిత్రులను, బంధువులను చాటున, సేవకులను పని ముగిశాక, కొడుకులను ఎన్నడూ కాదు. చివరి మాట "మృతాః స్త్రియః", స్త్రీలను చనిపోయాక. చమత్కారానికి చెప్పారని కొట్టిపారేయవచ్చు గానీ, మన ఇళ్లలో తు.చ. తప్పకుండా అమలవుతున్న శాస్త్రం ఇదొక్కటే. "మహా ఇల్లాలు, ఆవిడ చేతి పులుసు మళ్లీ తినలేదు" అన్న మాట పెద్దకర్మ నాటి పంక్తిలో ఎన్నిసార్లు వినలేదు?

చట్టం కూడా ఈ వరసలోనే నడిచింది. 2014లో ఢిల్లీలో జరిగిన రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు మరణించిన కేసులో, 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా తన అభిప్రాయం రాస్తూ, గృహిణి పనికి ఆర్థిక విలువ లేదన్న భావనను తోసిపుచ్చారు. ఆయన ఉదహరించిన 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని మీద స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. గొప్ప తీర్పే. అయినా ఆ పనికి ధర కట్టవలసి వచ్చింది ఆమె పోయాక, నష్టపరిహారం లెక్క కోసం. బతికున్న గృహిణి ఆ 299 నిమిషాలకు జీతం అడగడం లేదు. ఆమెకు దక్కే ఏకైక ప్రతిఫలం విస్తరి దగ్గర వినబడే ఒక్క మంచి మాట. దాన్ని కూడా మధ్యలోనే పట్టుకుని పొలానికో, వంకాయకో కట్టబెట్టడం నాకు చిన్న విషయంగా తోచదు. ఆ అత్తగారికీ ఒకప్పుడు ఇలాగే జరిగి ఉంటుంది. ఆవిడ నూరిన కారానికి రావలసిన పేరు ఏ రోటికో వెళ్లి ఉంటుంది. అందుకే ఆవిడ మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ.

మరి ఏం చేయాలి? పదిమందిలో అత్తగారితో వాదానికి దిగమని ఏ కోడలికీ చెప్పను. మాట అడ్డం తిరిగినా, మెచ్చుకున్న మనిషి వైపే చూసి "మీకు నచ్చినందుకు సంతోషమండీ, నేనే చేశాను" అని ఒక్క ముక్క అని ఊరుకోవచ్చు. అది పొగరు కాదు, అడిగిన ప్రశ్నకు జవాబు. అంతకంటే పెద్ద బాధ్యత విస్తరిలో తల దూర్చి కూర్చున్న కొడుకుది. "కూర తను చేసింది మావయ్యా" అనడానికి అతనికి పట్టేది రెండు క్షణాలు. ఆపైన అతిథిది. మెప్పు ఇచ్చినవారు అది చేరవలసిన చేతికి చేరిందో లేదో చూసుకోవాలి.

ఆ రోజు మా పెద్దమ్మ ఆ పని చేసింది. పెరుగన్నం దాకా ఆగి, కోడలిని పేరు పెట్టి పిలిచి, "అమ్మాయ్, ఆ కారంలో పల్లీలు వేశావా, కొబ్బరి వేశావా? ఆ కమ్మదనం దేనిదో తేలడం లేదు" అని అడిగింది. అత్తగారు ఇటు తిరిగి ఏదో అనబోయి ఆగిపోయారు. ఆ కారంలో ఏముందో ఆవిడకు తెలియదు. పెద్దాయన కూడా పొలం కబుర్లు ఆపి చూశారు.

"రెండూ కాదు మామ్మగారూ, గసగసాలు. నానబెట్టి నూరాను," అంది కోడలు. ఒక్క క్షణం ఆగి, "మా అమ్మ అలాగే చేసేది" అంది.