ఒకటి కొంటే ఒకటి ఇచ్చేయడం సరే, ముందు చూసి కొనాలిగా
రిటైరయ్యాక పాత పుస్తకాలు చవగ్గా కొనుక్కోవచ్చు, కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి ఇచ్చేస్తే ఇల్లు నిండదు అన్నారు ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో. నియమం మంచిదే. కానీ పురుగున్న పుస్తకాన్ని తెచ్చి నేరుగా అరలో పెడితే ఇచ్చేయాల్సింది ఒకటి కాదు, అరంతా. కొనేముందే అట్ట విప్పి కుట్టు దగ్గర చూడాలి: సన్నటి పొడి రాలుతోందా, గుండుసూది తలంత రంధ్రాలున్నాయా అని. ముక్కిన వాసన, బూజు మచ్చలు ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు. పురుగు అనుమానమే అయితే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి తీసేసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో 2 వారాలు ఉంచాలి. బయటికి తీశాక కవరు ఒక రోజంతా విప్పకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు, చల్లటి కాగితానికి చెమ్మ పట్టి పేజీలు ఉబ్బిపోతాయి. బూజు మాత్రం ఫ్రీజర్లో చావదు. ఎండలో పెట్టడమూ వద్దు, కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. ఇక ఇచ్చేయాల్సినవి ఏరడం అంటారా, రెండు వరుసలుగా పేర్చిన అరల్లో వెనక వరుసతో మొదలుపెట్టండి. మరిచిపోయి రెండోసారి కొన్నవి అక్కడే దొరుకుతాయి.