సవరణ: ప్రిమిటీవో పుట్టిల్లు పుల్యా కాదు

ఇటలీ వైన్ల మీద రాసిన పోస్టులో, ప్రిమిటీవో ద్రాక్ష దక్షిణ ఇటలీలోని పుల్యాలోనే పుట్టిందనీ, ఇటలీ వలసదారులు కాలిఫోర్నియాకు తీసుకెళ్తే జిన్‌ఫాండెల్ అయిందనీ చెప్పాను. ఆ రెండు మాటలూ తప్పే.

ప్రిమిటీవో, జిన్‌ఫాండెల్ ఒకే రకమన్నది మాత్రం నిజం. కాలిఫోర్నియా, జాగ్రెబ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు డీఎన్ఏ పోల్చి చూశారు. 2001లో అదే రకం క్రొయేషియా తీరంలో, స్ప్లిట్ పక్కనున్న కాష్టెలాలో ఓ పాత తోటలో తేలింది. వేరే రకాల మధ్య కొద్దిపాటి తీగలే మిగిలాయి! అక్కడి పేరు త్స్ర్‌ల్యెనాక్ కాష్టెలాన్‌స్కీ. పలకడానికి నాకింకా నోరు తిరగలేదు.

ఇక అమెరికా సంగతి. ఇటలీ వాళ్లు పెద్ద ఎత్తున వలస వెళ్లకముందే, 1830లలో బోస్టన్ ప్రాంతంలో ఈ ద్రాక్ష పెంచేవారు. కాలిఫోర్నియాకు ఆ తర్వాతే చేరింది.

ఆ పోస్టులో నెగ్రోఅమారో అనే మరో పుల్యా ద్రాక్ష గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.