పట్టాదారు పాస్‌బుక్ గారికి ఒక కౌలు రైతు రాసుకున్న ఉత్తరం

పాస్‌బుక్ గారికి నమస్కారాలు. హైదరాబాద్ ఫ్లాట్‌లో బీరువాలో పట్టుచీరల కింద చల్లగా, క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషం. మేమిక్కడ మీ పొలంలోనే ఉన్నాం, నారుమడికి నీళ్ళు పెడుతున్నాం, ఎలాగూ మీరు దిగరు కదా.

ముందుగా కంగ్రాట్స్ అండి. ప్రపంచం ఆకలి తీర్చే బాధ్యత మీమీదే పెట్టారంట కదా. 2015లో దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో కూర్చుని 2030కల్లా ఆకలన్నదే ఉండకూడదు, దానికోసం చిన్న రైతు దిగుబడీ ఆదాయమూ డబుల్ చెయ్యాలి అని రాసుకున్నాయి. ఐదెకరాల లోపు కమతాలన్నీ కలిపినా ప్రపంచ సాగుభూమిలో 12 శాతమే, కానీ తిండిలో మూడోవంతు పైన అక్కడే పండుతుందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ వాళ్ళ లెక్క. 2024లో కూడా 67 కోట్ల మంది కడుపు నిండా తినలేదని వాళ్ళే చెప్పారు. అందుకని చిన్న రైతుకి చేయూత ఇవ్వండి అన్నారు, మంచి మాటే. కాకపోతే చిన్న రైతంటే ఎవరండీ అని మన ఆఫీసుల్లో అడిగితే నా మొహం చూడరు, మీ జిరాక్స్ అడుగుతారు.

2018లో తెలంగాణలో రైతుబంధు అని పెట్టుబడి సాయం పెట్టారు, సీజన్‌కి ఎకరాకి 4 వేలు, తర్వాత 5 వేలు చేశారు. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు, మీరు ఉంటే చాలు, నాగలి పట్టాలన్న రూల్ లేదు. గుట్టలకీ రోడ్లకీ రియల్ ఎస్టేట్ వెంచర్లకీ కూడా డబ్బులు పడ్డాయని తర్వాతొచ్చిన ప్రభుత్వమే చెప్పింది, అంటే పాపం గుట్ట కూడా రైతే, నేను తప్ప. ఆ వచ్చినవాళ్ళు కౌలు రైతులకీ ఇస్తామని ఎలక్షన్లో మాటిచ్చారు, 2025 జనవరిలో రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు మాత్రం డబ్బులు మళ్ళీ మిమ్మల్నే వెతుక్కుంటూ వెళ్ళాయి. పీఎం కిసాన్ 6 వేలూ అంతే, భూమి పేరున ఉన్నోడికే. మీ పలుకుబడి అలాంటిది, ప్రభుత్వాలు మారినా మీ సీటు కదలదు.

మా ఆంధ్రాలో కాస్త నయం లెండి, 2019లో మాకోసం చట్టమే చేశారు. పంట సాగుదారు హక్కు పత్రం అంట, 11 నెలలు పనిచేస్తుంది, దీనివల్ల భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే అని స్పష్టంగా రాశారు. ఇంత జాగ్రత్తగా రాసినా దానికి మీ ఓనర్ గారి సంతకం కావాలి, ఆయన సంతకం అనగానే ఎక్కడ పొలం నొక్కేస్తామో అని భయపడిపోతారు, మనిషి మంచోడే, పండక్కి బట్టలు పెడతాడు, సంతకం ఒక్కటే పెట్టడు. ఒకవేళ పెట్టినా బ్యాంకులో మేనేజర్ గారు ఈ సర్వే నంబర్ మీద ఆల్రెడీ పంట లోన్ ఉందండీ అంటారు. ఎందుకుండదు, మిమ్మల్ని తాకట్టు పెట్టి ఆయన ఎప్పుడో తీసుకున్నారు, ఆ పంట లోన్‌తో ఏ పంట వేశారో మరి నాకైతే కనపళ్ళేదు.

ఇక నేను ఎరువుల కొట్టుకే పోవాలి. ఆయన ఏ పత్రమూ అడగడు, సంతకం కూడా అక్కర్లేదు, నూటికి నెలకి రెండు రూపాయలు వడ్డీ, ధాన్యం మాత్రం ఆయనకే వెయ్యాలి, రేటు ఆయన చెప్పిందే. వద్దు, గవర్నమెంటు రేటుకే అమ్ముకుంటా అంటే ఈ-క్రాప్ అనే పంట నమోదులో పేరుండాలి, అందులో ఓనర్ పేరు ఎక్కితే ధాన్యం నాది, డబ్బులు పడేది ఆయన ఖాతాలో. సార్వాకి పండిన బస్తాల్లో సగం పైన కౌలుకే పోతాయి, తుఫానొచ్చి చేను పడిపోయినా కౌలు తగ్గదు, నష్టపరిహారం మాత్రం దారి తప్పకుండా మీ ఇంటికే వస్తుంది. మొన్నామధ్య మా ఆవిడ, ఆ పాస్‌బుక్కునే నాటు వెయ్యమనండి ఒకసారి అంది. ఆవిడ బాధ ఇంకోటి, పొలంలో నాకంటే ఎక్కువ వంగేది ఆవిడే, కానీ కౌలు రైతు లెక్కలో కూడా ఆవిడ పేరుండదు. 2026ని మహిళా రైతు సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిందని చెప్తే, డబ్బులేమన్నా వేస్తారా అని అడిగింది.

పక్క రాష్ట్రం పహాణీలో, అంటే పొలం రికార్డులో, పూర్వం అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేదండి, పట్టా ఎవరిదైనా దున్నేది ఎవడో అందులో రాసేవాళ్ళు. ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డు వచ్చాక అది తీసేశారు. రైతు బీమా కూడా మీరున్నవాళ్ళకే, 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు చనిపోతే ఇంటివాళ్ళకి 5 లక్షలు, కౌలోడు పోతే ఏమీ లేదు. అంటే చచ్చాక కూడా రైతు అనిపించుకోవాలంటే మీరు పక్కన ఉండాల్సిందే.

అడిగేది పెద్ద కోరికేం కాదు. దున్నేవాడి పేరు రాసే కాలమ్ ఒకటి ఉండేలా చూడండి, ఓనర్ సంతకం బదులు ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతిని వీఆర్వో గారు రాసుకుంటే చాలనండి. మీ అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండాలా రాజముద్ర ఉండాలా అని మా రాష్ట్రంలో ఎంత గొడవ పడ్డారు, బొమ్మ తీసేసి కొత్తవి అచ్చేశారు కూడా, ఆ ఖర్చులో మాకూ ఒక పేజీ వేస్తే పోయేది కదా.

ఈ ఉత్తరం కింద నా పేరు వెయ్యట్లేదు, ఏమనుకోకండి. వేస్తే వచ్చే ఏడు మీ పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారు.