పెన్సిల్ నంబర్ చూసి నమ్మకండి

వీధి గోడల మీద బొమ్మలేసేవాళ్ల ప్రింట్లు లక్షలు పలుకుతుంటే "అచ్చు కాగితానికి లక్షలా" అని కొందరు ఆశ్చర్యపోతుంటారు కదా, మా కడపలో పెళ్లి కార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో కాసేపు నిలబడి చూడండి. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ (చట్రానికి బిగించిన జాలీ గుడ్డ), మొదటిది ఆరాక రెండోది వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి, ఎంత ఓపిక కావాలో! అసలు పేరు బయటపెట్టని బ్రిటిష్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ ప్రింట్లూ ఎక్కువగా ఈ పద్ధతిలో వేసినవే. ఆయన బెలూన్ పిల్ల బొమ్మ ప్రింట్లు 2004 ప్రాంతంలో సంతకంతో 150, సంతకం లేకుండా 600 వచ్చాయి.

కానీ కింద పెన్సిల్‌తో 45/150 (150 ప్రతుల్లో 45వది) అని ఉంటే చాలు కొనేస్తున్నారు, అది ఎవరైనా రాయొచ్చండీ. బ్యాంక్సీ తరఫున పెస్ట్ కంట్రోల్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టే ఆధారం. దానికి డయానా బొమ్మ ఉన్న ఉత్తుత్తి పది పౌండ్ల నోటు సగం చింపి పిన్ చేస్తారు, మిగతా సగం వాళ్ల దగ్గరే ఉంటుంది, రెండూ అతికితేనే అసలుది. ఆ కాగితం లేకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా దయచేసి కొనకండి.

ఇంకోటి, మన ఎండలకు ప్రింటును కిటికీ ఎదురుగా పెడితే రంగు వెలిసిపోతుంది. ఫ్రేమ్ కట్టించేటప్పుడు యాసిడ్ లేని అట్ట, యూవీ గ్లాసు (ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అద్దం) అడిగి వేయించుకోండి. ఫ్రేమ్ షాపులో వెనక గమ్ పూసి అంటిస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు.