పేక కట్టలో క్యాలెండర్ లేదు

"పేక కట్ట అంటే నిజానికి ఒక క్యాలెండర్" అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకైతే ఏడాదికి రెండు మూడు సార్లు వస్తుంది. పంపేవాళ్లు మారతారు, మెసేజ్ మారదు. క్లుప్తంగా అందులో ఉండేది ఇదీ: పేకలో 52 ముక్కలు, ఏడాదికి 52 వారాలు. నాలుగు గుర్తులు, నాలుగు ఋతువులు. గుర్తుకు 13 ముక్కలు, ఋతువుకు 13 వారాలు. బొమ్మ ముక్కలు 12, నెలలు 12. ఎరుపు పగలు, నలుపు రాత్రి. జాకీని 11గా, రాణిని 12గా, రాజును 13గా పెట్టి అన్నీ కూడితే 364, జోకర్‌తో 365, రెండో జోకర్‌తో లీపు సంవత్సరం. నలుగురు రాజులూ చరిత్రలోని నలుగురు మహారాజులు. ఇంగ్లీషులో ముక్కల పేర్లలోని అక్షరాలు కూడినా 52. ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞులు ఇదంతా లెక్కలు కట్టి మరీ పేకను తయారుచేశారట.

పేకాటంటే నాకు ప్రాణం. ఇంటిల్లిపాదీ చాప మీద చుట్టూ కూర్చుని ఆడుకునే ఆటను జూదమని తీసిపారేస్తే నాకూ బాధే. ఈ మెసేజ్ పంపేవాళ్లు ఆటకు కాస్త గౌరవం తేవాలనుకుంటున్నారు, అది అర్థమవుతుంది. కానీ పేకకు ఉన్న అసలు చరిత్రను ఈ కథ పూర్తిగా కప్పేస్తోంది. అందుకే ఒక్కో ముక్కా తిప్పి చూద్దాం.

ముందు జోకర్. లెక్క 365కి చేరాలంటే జోకర్ తప్పనిసరి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. జోకర్ పుట్టింది అమెరికాలో, 1860లలో. అప్పట్లో అక్కడ యూకర్ అనే ఆట బాగా ఆడేవాళ్లు. ఆ ఆటలో తురుపు జాకీ అన్నిటికంటే పెద్ద ముక్క, అదే రంగులోని రెండో జాకీ దాని తర్వాతది. వీటిని 'బవర్' అనేవాళ్లు. ఈ రెండిటినీ కొట్టే ముక్క ఒకటి ఉంటే ఆట ఇంకా రక్తి కడుతుందని అదనంగా ఒకదాన్ని చేర్చారు. 1863లో శామ్యూల్ హార్ట్ అనే ముద్రాపకుడు 'ఇంపీరియల్ బవర్' పేరుతో అలాంటి ముక్కను అచ్చువేశాడు. మన జోకర్‌కు పూర్వీకుడు అదే. యూరప్‌లో పేక ముక్కల గురించి గట్టి ఆధారాలు 1377 నుంచి ఉన్నాయి. అంటే దాదాపు 490 ఏళ్లు జోకర్ లేకుండానే పేక ఆడారు. క్యాలెండర్ చేయాలని కూర్చున్నవాళ్లు 365వ రోజును ఐదు శతాబ్దాల పాటు మరిచిపోతారా?

ఇక 364. మెసేజ్‌లో చదవగానే ఒళ్లు గగుర్పొడిచేది ఈ అంకెకే, నాకూ చిన్నప్పుడు అలాగే అనిపించింది. కాగితం మీద వేసి చూస్తే గుట్టు తెలుస్తుంది. ఒకటి నుంచి 13 వరకు అంకెలు వరుసగా రాయండి. సరిగ్గా మధ్యలో ఉండేది ఏడు. ఒకటీ 13 కలిపితే 14, రెండూ 12 కలిపితే 14, మూడూ 11 కలిపితే 14. ఇలా జతలు కట్టుకుంటూ పోతే చివరికి ఏడు ఒంటరిగా మిగులుతుంది. అంటే ముక్క సగటు విలువ ఏడు. 52 ముక్కలు, ఒక్కోటి సగటున ఏడు: 364. ఏడాది 52 వారాలు, వారానికి ఏడు రోజులు: అదీ 364. కాబట్టి ముక్కల సంఖ్య వారాల సంఖ్యతో సమానమైన క్షణంలోనే, 13 అంకెల మధ్య ఏడు ఉన్నందువల్ల, మొత్తం కూడా కుదిరిపోతుంది. గుర్తుకు 13 ముక్కలు, ఋతువుకు 13 వారాలు అన్నది కూడా కొత్త సంగతేమీ కాదు, 52ను రెండు చోట్లా నాలుగుతో భాగించారంతే. మెసేజ్‌లో నాలుగైదు వింతలుగా కనిపించేవి నిజానికి రెండు చిన్న పోలికలు, మళ్లీ మళ్లీ లెక్కపెట్టినవి.

పైగా జాకీ 11, రాణి 12, రాజు 13 అని ఎవరన్నారు? రమ్మీలో కౌంట్ వేసేటప్పుడు బొమ్మ ముక్క ఏదైనా పదే. బ్రిడ్జ్‌లో రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. చాలా ఆటల్లో ఆసు రాజు మీద కూర్చుంటుంది, ఈ లెక్కలో మాత్రం దాన్ని ఒకటికి దించాలి. క్యాలెండర్ కుదరడానికి ఏ విలువ కావాలో ఆ విలువే తీసుకున్నారు.

అక్షరాల సంగతి త్వరగా తేలిపోతుంది. ఇంగ్లీషులో ఏస్ నుంచి కింగ్ వరకు కూడితే 52 అక్షరాలు వస్తాయి, నిజమే. కానీ అది జాకీని 'జాక్' అని రాస్తేనే. ఇంగ్లీషువాళ్లు శతాబ్దాల పాటు ఆ ముక్కను 'నేవ్' అన్నారు. దాని స్పెల్లింగ్‌లో ఐదు అక్షరాలు, అప్పుడు మొత్తం 53. 19వ శతాబ్దంలో ముక్కల మూలల్లో అక్షరాలు వేయడం మొదలయ్యాక, కింగ్‌కూ నేవ్‌కూ మొదటి అక్షరం 'కే' కావడంతో చేతిలో ముక్కలు తికమక అయ్యేవి. అందుకే జాక్ అనే పేరు స్థిరపడింది. మనం వాడే గుర్తులను రూపొందించిన ఫ్రెంచివాళ్ల భాషలో పేర్లన్నీ కూడి చూశాను: 51.

ఋతువులు, పగలు, రాత్రి గురించి మాట్లాడాలంటే పేక ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1377లో రైన్‌ఫెల్డెన్‌కు చెందిన జాన్ అనే క్రైస్తవ సన్యాసి లాటిన్‌లో పేక గురించి ఒక గ్రంథం రాశాడు. ఈ ఆట తమ దగ్గరికి ఆ ఏడాదే వచ్చిందని, దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కనిపెట్టారో తనకు తెలియదని చెప్పుకున్నాడు. ఆయన వర్ణించిన కట్టలో 52 ముక్కలు ఉన్నాయి. గుర్తుకు పది అంకెలు, పైన ఒక రాజు, అతని కింద ఇద్దరు అధికారులు. రాణి లేదు. అదే ఏడాది మార్చిలో ఫ్లోరెన్స్ నగరం ఈ ఆట మీద ఆంక్ష పెట్టింది, అందులో ఆట పేరు 'నైబ్బె'. ఈ పేరు ఏమిటో చాలాకాలం తర్వాత ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి రాజభవనంలో దొరికిన ముక్కలను చూస్తే తెలుస్తుంది. ఎల్.ఎ. మేయర్ అనే పండితుడు 1930లలో వెలుగులోకి తెచ్చిన ఆ కట్ట ఈజిప్టును ఏలిన మమ్లూకుల కాలపు పద్ధతిలో చేతితో గీసినది. నిలువుగా, పొడుగ్గా ఉండే ముక్కలు, నీలం, బంగారు రంగుల్లో అల్లికలు. గుర్తులు నాలుగు: గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు. బొమ్మ ముక్కలు గుర్తుకు మూడు: మాలిక్ అంటే రాజు, నాయిబ్ అంటే అతని ప్రతినిధి, ఆ తర్వాత రెండో నాయిబ్. మనుషుల బొమ్మలు లేవు, హోదా పేర్లే రాసి ఉన్నాయి. ఇటాలియన్ 'నైబ్బె', స్పానిష్ 'నైపెస్' ఈ నాయిబ్ నుంచి వచ్చినవే. నాయబ్ తహసీల్దార్‌లోని నాయబ్ ఇదే మాట, నవాబు అనే మాట పుట్టిందీ దీని బహువచనం నుంచే.

ఇప్పుడు ఋతువులను ఇక్కడ పెట్టి చూడండి. మమ్లూకుల ప్రభుత్వం తేదీలు రాసుకున్నది హిజ్రీ క్యాలెండర్‌లో. అది చాంద్రమానం, ఏడాదికి 354 లేదా 355 రోజులు. అందులో నెలలు ఏ ఋతువుకూ అంటిపెట్టుకుని ఉండవు, ఏళ్లు గడిచేకొద్దీ ఋతువులన్నీ చుట్టి వస్తాయి. ఆ సమాజంలో వాడుకలో ఉన్న ఆటలో 364 రోజులు, 13 వారాల ఋతువులు దాచారనడం ఎలా పొసగుతుంది? అసలు ఋతువులు నాలుగే అన్న లెక్క కూడా అన్నిచోట్లా లేదు. ఆరుగా చూసేవాళ్లున్నారు, మూడు కాలాలుగా చూసేవాళ్లున్నారు. నాలుగుగా చూసినా అవి సమానంగా ఉండవు, సుమారు 89 రోజుల నుంచి దాదాపు 94 రోజుల దాకా తేడా వస్తుంది. నాలుగు గుర్తులూ ఆ కట్టలో సూటిగా కనిపించేవే: తాగే గిన్నె, ఖర్చుపెట్టే నాణెం, దూసే కత్తి, ఆడే కర్ర. పోలో తెలియని యూరప్‌కు చేరాక ఆ కర్ర మామూలు దుడ్డుకర్ర అయిపోయింది.

మరి 13 ఎందుకు? పది అంకెలు, ముగ్గురు మనుషులు. పదిదాకా లెక్కపెట్టి, ఆపైన కొలువులోని హోదాలను పేర్చారు. ఇంతకంటే సహజమైన అమరిక ఏముంటుంది?

ఎరుపు, నలుపు కూడా ఆలస్యంగా వచ్చినవే. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్నది 1480 ప్రాంతంలో. చేతితో గీసే కత్తులు, గిన్నెల బదులు ఒకే రంగులో ఉండే చదునైన ఆకారాలైతే స్టెన్సిల్ పెట్టి రంగు పూస్తే చాలు. పని తొందరగా అయ్యేది, ముక్కలు చవగ్గా అమ్మేవాళ్లు. ఆ చవకే ఫ్రెంచి గుర్తులను ప్రపంచమంతా తిప్పింది. అంతకుముందున్న కట్టల్లో రంగులు రెండు అనే నియమమే లేదు.

52 అనే సంఖ్య కూడా పేక అంతటికీ వర్తించదు. స్పెయిన్‌లో 40, 48 ముక్కల కట్టలు. ఇటలీలో చాలాచోట్ల 40. జర్మన్ల స్కాట్ ఆటకు 32, స్విస్ యాస్‌కు 36. జర్మన్ గుర్తులు ఆకులు, సింధూర (ఓక్) చెట్టు కాయలు, గంటలు, హృదయాలు. 15వ శతాబ్దపు ఇటలీలో ఆట కోసమే పుట్టిన టారో కట్టలో 78. మన దేశంలో ఆడిన గంజీఫా అనే పేకలో గుండ్రటి ముక్కలు, మొఘల్ పద్ధతిలో 96, దశావతార పద్ధతిలో 120. ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబంలోవి. 40 ముక్కలది ఏ క్యాలెండర్? ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి ముక్కలతో 52 కట్టను విస్ట్ లాంటి ఆటలకు వాడారు, ఆ తర్వాత అమెరికన్లు అదే అచ్చువేసి అమ్మారు. అందుకే ఈ రోజు మన చేతిలో 52 ఉన్నాయి.

ఇక నలుగురు రాజులు. ఇస్పేటు రాజు దావీదు, ఆటీను రాజు షార్లమేన్, డైమను రాజు సీజర్, కళావరు రాజు అలెగ్జాండర్ అంటారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. ఫ్రాన్స్‌లో ముక్కల మీద పేర్లు అచ్చువేసే ఆచారం వచ్చింది. మొదట్లో ఒక్కో తయారీదారు ఒక్కో రకం పేర్లు వేసేవాడు, పోనుపోను పారిస్ పద్ధతిలో ఈ నాలుగు పేర్లు నిలిచాయి. నేటికీ ఫ్రెంచి ముక్కల మీద ఇవి కనిపిస్తాయి. కానీ మనం ఆడే ఇంగ్లీషు పద్ధతి ముక్కలు ఫ్రాన్స్‌లోనే ఉన్న రువాన్ నగరం నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లిన నమూనాలకు వారసులు. వాటి మీద ఈ పేర్లు లేవు. మన కట్టలో రాజులు పేరులేని రాజులే.

కావాలంటే ఆటీను రాజును తీసి దగ్గర పెట్టుకుని చూడండి. కత్తి పిడి అతని చేతిలో ఉంది, అలుగు తల వెనక్కి పోయి మాయమవుతుంది. అందుకే కొందరు ఆత్మహత్య చేసుకుంటున్న రాజని కథలల్లారు. పాత రువాన్ ముక్కల్లో అతని చేతిలో ఉన్నది గొడ్డలి. ఒకరి చెక్క అచ్చును చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు చెక్కుకుంటూ పోతే గొడ్డలి తల అంచులో కలిసిపోయింది, మిగిలిన పిడిని తర్వాతివాళ్లు కత్తి అనుకున్నారు. పేరు తెలియని ఆ చెక్కుడు పనివాళ్ల చేతి పొరపాటు నాలుగైదు వందల ఏళ్ల తర్వాత కూడా మన చేతిలో ఉంది. ఖగోళ శాస్త్రజ్ఞులకు ఇచ్చే పేరు నిజానికి వీళ్లకు దక్కాలి.

ఈ క్యాలెండర్ కథ ఎక్కడిదంటే, 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఒక సిపాయి కథ ప్రచారంలోకి వచ్చింది. చర్చిలో ప్రార్థన పుస్తకానికి బదులు పేక ముక్కలు పట్టుకున్నందుకు అతన్ని అధికారి ముందు నిలబెడతారు. శిక్ష తప్పించుకోవడానికి అతను ఒక్కో ముక్కకూ అర్థం చెబుతాడు: ఆసు చూస్తే ఒక్కడే దేవుడు గుర్తొస్తాడు, రెండు చూస్తే తండ్రి దేవుడు, ఆయన కుమారుడు, అలా పోతూ పోతూ 52 వారాలు, 12 నెలలు, చివరికి ముక్కల మీద చుక్కలన్నీ లెక్కపెడితే 365 అంటాడు. తర్వాత చవక అచ్చు కాగితాల్లో ఊరూరా అమ్ముడుపోయిన కథ ఇది. జాగ్రత్తగా గమనిస్తే, అందులోని సిపాయి కూడా పేకను ఎవరో క్యాలెండర్‌గా తయారుచేశారని అనడు. తనకు అలా గుర్తొస్తుందంటాడు. తయారుచేశారన్న మాట తర్వాత చేరింది.

ఆ 365 చుక్కల మాట నిజమేనా అని మొన్న ఒక సాయంత్రం చాప మీద కట్ట మొత్తం పరిచి లెక్కపెట్టాను. ఆసు నుంచి పది వరకు ముక్క మధ్యలో ఉన్న పెద్ద గుర్తులు 220. బొమ్మ ముక్కల్లో ఒక్కోదానికి రెండు చొప్పున 24. మూలల్లోని చిన్నవి ముక్కకు రెండు, 104. అన్నీ కలిపి 348. సిపాయి కాలంలో మూలల్లో గుర్తులు లేవు, బొమ్మ ముక్కకు గుర్తు ఒక్కటే, అంటే అతని కట్టలో ఉన్నవి 232.